అధిక చెల్లింపు, వాపసు మోసాలు

అధిక చెల్లింపు మోసం అనగా, ఆన్‌లైన్‌లో వస్తువును అమ్మజూపిన వ్యక్తికి ధర కంటే ఎక్కువ సొమ్ము పంపినట్లు నమ్మించి, ఎక్కువైనదని చెప్పిన భాగాన్ని తిరిగి పంపించుకొనే మోసం. కొనుగోలుదారుగా నటించే మోసగాడు చేసిన మొదటి చెల్లింపు అసలు జరిగి ఉండదు. జరిగినట్లు కనిపించినా కొన్నాళ్ళకు రద్దవుతుంది. లేదా అది మరొకరి ఖాతా నుండి దోచిన సొమ్మై ఉంటుంది. విక్రేత తిరిగి పంపినది మాత్రం అచ్చంగా తన సొమ్ము. దీనికి దగ్గరి బంధువైన వాపసు మోసంలో "మీకు డబ్బు పంపుతున్నాను" అనో, "పొరపాటున మీ ఖాతాలో కోత పడింది, తిరిగి వేస్తాను" అనో చెప్పి, విక్రేత చేతనే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి, పిన్ నొక్కించి, ఖాతాలోని నిల్వను లాగివేస్తారు.

ఆన్‌లైన్ మోసాల గురించి వ్రాసేవారు సాధారణంగా కొనేవారిని హెచ్చరిస్తారు. డబ్బు ముందుగా ఇచ్చి వస్తువు కోసం ఎదురుచూసే వ్యక్తికి కొంత అనుమానం సహజంగానే ఉంటుంది. అమ్మే వ్యక్తి డబ్బు పుచ్చుకొనే పక్షాన ఉంటాడు గనుక తనకు వచ్చే ప్రమాదమేమిటని ధీమాగా ఉంటాడు. ఈ మోసాలన్నీ ఆ ధీమా మీదనే నడుస్తాయి.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ మోసం మొదట చెక్కుల ద్వారా జరిగింది. అమెరికాలో 1987లో చేసిన ఒక చట్టం ప్రకారం, ఖాతాదారు జమచేసిన చెక్కు సొమ్మును బ్యాంకులు నిర్ణీత గడువులోగా వాడుకొనేందుకు వీలు కల్పించాలి. సామాన్య చెక్కు విషయంలో కూడా మొదటి 275 డాలర్లు (2025 జులైకి ముందు 225 డాలర్లు) మరుసటి పనిదినానికే అందుబాటులోకి వస్తాయి. బ్యాంకే జారీచేసే క్యాషియర్ చెక్కును స్వయంగా వెళ్ళి జమచేస్తే సాధారణంగా మొత్తం సొమ్ము మరుసటి పనిదినానికి వస్తుంది. అయితే ఆ చెక్కు నకిలీదని జారీచేసిన బ్యాంకు తేల్చడానికి వారాలు కూడా పట్టవచ్చు. ఖాతాలో సొమ్ము కనిపించడం వేరు, చెక్కు చెల్లడం వేరు. ఈ రెండింటి నడుమనున్న ఎడమే మోసగాళ్ళ పొలం.

1995లో మొదలైన క్రెయిగ్స్‌లిస్ట్ వంటి ప్రకటనల తావులు వచ్చిన తరువాత ఈ మోసానికి వీలు పెరిగింది. 500 డాలర్ల బల్లకు 2,000 డాలర్ల చెక్కు పంపి, "సామాను తరలించే మనిషికి మిగిలిన 1,500 పంపండి" అని కోరడం దీనికి పాతకాపు నమూనా. విక్రేత పంపుతాడు. చెక్కు తిరిగివస్తుంది. బ్యాంకు ఆ 2,000 డాలర్లను విక్రేత ఖాతా నుండే రాబట్టుకొంటుంది. తరలించే మనిషి అన్నవాడు లేనే లేడు.

మన దేశంలో ఈ చెక్కు పద్ధతి అంతగా పారలేదు. ఇక్కడి బ్యాంకులు సాధారణంగా చెక్కు క్లియరయిన తరువాతనే సొమ్మును వాడుకోనిస్తాయి. 2025 అక్టోబరు 4 నుండి చెక్కులను రోజంతా ఎడతెగకుండా పరిష్కరించే విధానాన్ని రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన తరువాత ఆ వ్యవధి ఇంకా తగ్గింది. అయినా చెక్కును విక్రేత ఖాతాలో వేసి, జమచీటీ ఫొటో పంపి, "సొమ్ము పడిపోయింది, ఎక్కువ వేశాను" అనేవారు ఇక్కడా లేకపోలేదు. జమచీటీ చెక్కు అందినట్లు మాత్రమే రుజువు. సొమ్ము అందినట్లు కాదు.

భారతదేశంలో రూపాంతరం

భారతదేశంలో వాడిన వస్తువుల అమ్మకాలకు ఓఎల్ఎక్స్ (2006లో స్థాపన), క్వికర్ (2008) వంటివి ప్రాచుర్యం తెచ్చాయి. తరువాత ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, వాట్సాప్ బృందాలు, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు వచ్చి చేరాయి. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) యూపీఐ విధానాన్ని ఆరంభించింది. అదే ఏడాది నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటన వెలువడింది. పాసుపుస్తకం తప్ప మరేమీ ఎరుగని కుటుంబాలలోకి కూడా ఆ తరువాతి కాలంలో ఫోను చెల్లింపు ప్రవేశించింది. వాడటం తెలిసినంత వేగంగా దాని వ్యాకరణం తెలియలేదు.

ఆ వ్యాకరణంలోని మొదటి సూత్రం ఒక్కటే: యూపీఐ పిన్ ఖాతా నుండి సొమ్ము పోవడానికి ఇచ్చే అనుమతి. నిల్వ చూసుకోవడానికి కూడా పిన్ అడుగుతారు గాని, సొమ్ము రావడానికి పిన్ ఎన్నడూ అక్కరలేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేవాడు చెల్లించేవాడు. కోడ్ చూపేవాడు పుచ్చుకొనేవాడు. కూరగాయల బండి దగ్గర అందరికీ తెలిసిన ఈ సంగతి, ఫోనులో ఎవరో "రిసీవ్ మనీ" అని ఇంగ్లీషులో వ్రాసిన కోడ్ పంపగానే మరపున పడుతుంది. ఆ కోడ్ మీద వ్రాతలు ఎవరైనా వ్రాయవచ్చు. కోడ్ చేసే పనిని ఆ వ్రాత మార్చదు.

యూపీఐలో సొమ్ము అడిగే సదుపాయం (కలెక్ట్ రిక్వెస్ట్) ఒకటి ఉండేది. ఎదుటివారికి అభ్యర్థన పంపితే, వారు అంగీకరించి పిన్ నొక్కినప్పుడు సొమ్ము పంపినవారి ఖాతాకు చేరుతుంది. దీనిని మోసగాళ్ళు విరివిగా వాడుకొన్నారు. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో వెలువరించిన 'బీ అవేర్' అనే చిన్న పుస్తకంలో ఈ సంగతి స్పష్టంగా ఉన్నది. ఆన్‌లైన్ అమ్మకపు తావులలో కొనుగోలుదారులుగా నటించేవారు తాము దూరప్రాంతంలో పనిచేసే రక్షణ సిబ్బందిమని చెప్పి నమ్మకం సంపాదిస్తారనీ, సొమ్ము పంపడానికి బదులు సొమ్ము అడిగే అభ్యర్థన పంపి పిన్ నొక్కమని పట్టుబడతారనీ అందులో వివరించారు. ఎట్టకేలకు వ్యక్తుల మధ్య ఇటువంటి అభ్యర్థనలను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయించింది. ఇది మంచి పని. కాస్త ఆలస్యంగా జరిగిన మంచి పని. మోసగాళ్ళు క్యూఆర్ కోడ్‌లకు, చెల్లింపు లింకులకు, నకిలీ సందేశాలకు, "రీఫండ్ ఆమోదం" అనే ముసుగులో వచ్చే ఆటోపే అనుమతులకు మళ్ళారు.

ఈ తరహా మోసాలకు పేరుమోసిన ప్రాంతాలలో హర్యానా, రాజస్థాన్ సరిహద్దులలోని మేవాత్ ఒకటి. 2023 ఏప్రిల్ చివరిలో హర్యానా పోలీసులు నూహ్ జిల్లాలోని 14 గ్రామాలపై ఒకేసారి పెద్దయెత్తున దాడులు జరిపారు. అక్కడ కూర్చొన్న యువకుడు గాజువాకలోని ఫ్రిజ్‌కు బేరం పెట్టడానికి కావలసినది ఒక సిమ్ కార్డు, అద్దెకు తీసుకొన్న ఒక బ్యాంకు ఖాతా, ఎవరిదో ఒక గుర్తింపు కార్డు ఫొటో.

విశాఖపట్నం నేపథ్యం

విశాఖపట్నంలో ఈ మోసం పారడానికి నగర స్వభావమే కొంత తోడ్పడుతుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1968 నుండి తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, హిందుస్తాన్ షిప్‌యార్డు, చమురుశుద్ధి కర్మాగారం వంటి సంస్థల వలన ఇక్కడికి అన్ని రాష్ట్రాలవారు వస్తారు, బదిలీలపై వెళ్తారు. వెళ్ళే కుటుంబం మంచాలు, బీరువా, వాషింగ్ మెషీను, స్కూటరు అమ్ముకొంటుంది. వచ్చే కుటుంబం కొనుక్కొంటుంది. మల్కాపురం, సింధియా, గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు వాడిన సామానుకు గిరాకీ ఉండటానికి ఇదే కారణం. ఉక్కు సంస్థ 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాన్ని అమలు చేసింది. ఇటువంటి సందర్భాలలో క్వార్టర్లు ఖాళీచేసేవారికి సామాను త్వరగా అమ్ముడుపోవడం అవసరం. తొందరలో ఉన్న విక్రేత మోసగాడికి మొదటి వరం.

రెండవ వరం యూనిఫారం. "నేను నేవీలో పనిచేస్తున్నాను, విశాఖకు బదిలీ అయింది" అని హిందీలో ఎవరైనా ఫోను చేస్తే వేరొక ఊరిలో వింతగా తోచవచ్చు. విశాఖలో అది రోజూ వినే మాట. ఉక్కు కర్మాగారానికీ, ఓడరేవుకూ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) కాపలా ఉంటుంది గనుక, "సీఐఎస్ఎఫ్ జవానును, స్టీల్ ప్లాంటులో డ్యూటీలో ఉన్నాను, స్వయంగా రాలేను, సామాను తీసుకోవడానికి బండి పంపుతాను" అన్న మాట కూడా నమ్మదగినదిగానే ఉంటుంది. వాట్సాప్‌లో యూనిఫారం ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీను కార్డు వస్తాయి. ఈ కార్డులు చాలాసార్లు నిజమైనవే అయి ఉండవచ్చు. కాని అవి పంపినవాడివి కావు. ఎక్కడో దొంగిలించిన జవాను వివరాలతో మోసం చేస్తారు. ఆ జవాను కూడా ఒక బాధితుడేనని మరువరాదు. అడగకుండానే గుర్తింపు కార్డు పంపే కొనుగోలుదారును మొదట అనుమానించవలసి ఉన్నది. వస్తువు కొనేవాడు తన గుర్తింపు నిరూపించుకోవలసిన అవసరమేమున్నది? డబ్బిస్తే చాలు కదా.

దుకాణదారులు, భోజనశాలలవారు, రక్తపరీక్షా కేంద్రాలవారికి వచ్చే ఫోనులు మరొక రకం. "మా యూనిట్‌లో యాభై మందికి భోజనం కావాలి" అనో, "ముప్పైమంది జవాన్లకు పరీక్షలు చేయాలి" అనో పెద్ద ఆర్డరు ఇస్తారు. చెల్లింపు వేళకు, "సైన్యంలో చెల్లింపు తిరుగుగా నడుస్తుంది, ముందు మీరు పంపితే దానికి రెట్టింపు మా అకౌంట్స్ విభాగం నుండి వస్తుంది" అంటారు. ఒక రూపాయి పంపితే రెండు రూపాయలు నిజంగానే వస్తాయి. ఆ రెండు రూపాయలు ఎర. భారత సైన్యంలో గాని, నౌకాదళంలో గాని, మరే ప్రభుత్వ శాఖలో గాని ఇటువంటి తిరుగు చెల్లింపు పద్ధతి లేదు.

ఈ నగరానికి సైబర్ మోసాలతో మరొక విషాదకరమైన సంబంధం కూడా ఉన్నది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి విశాఖ ప్రాంతపు యువకులను ఏజెంట్లు కంబోడియాకు తరలించి, అక్కడి ముఠాలకు అప్పగించిన వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. నిర్బంధంలో ఉంచి వీరిచేత భారతీయులనే లక్ష్యంగా చేసుకొని ఫోను, ఆన్‌లైన్ మోసాలు చేయించారు. అదే నెలలో సిహనూక్‌విల్‌లో భారతీయులు తిరగబడిన తరువాత బాధితులు జట్లుగా స్వదేశానికి చేరడం మొదలయింది. తెలుగులో మాట్లాడి మోసగించే గొంతు వెనుక కూడా కొన్నిసార్లు ఒక బందీ ఉండవచ్చునని ఈ ఉదంతం తెలియజేసింది.

మోసం జరిగే తీరు

పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకొందాం. ఒక గృహిణి 8,000 రూపాయలకు ఫ్రిజ్ అమ్మకానికి పెట్టింది. పది నిమిషాలలో ఫోను వచ్చింది. కొనేవాడు ఫ్రిజ్ ఎన్నేళ్ళదని అడగలేదు, చూడటానికి వస్తానని అనలేదు, వంద రూపాయలైనా తగ్గించమనలేదు. తెలుగుదేశంలో బేరమాడకుండా పాత సామాను కొనే మనిషి ఉన్నాడంటేనే ఆలోచించాలి. మొదట ఐదు రూపాయలు పంపి ఖాతా సరిచూశాడు. ఆ ఐదు రూపాయలు నిజంగా వచ్చాయి. తరువాత 8,000 రూపాయల క్యూఆర్ కోడ్ పంపి, "మేడమ్, స్కాన్ చేసి పిన్ వేయండి, డబ్బు మీకు పడుతుంది" అన్నాడు. ఆమె పిన్ నొక్కగానే 8,000 పోయాయి.

అసలు నాటకం ఇక్కడ మొదలవుతుంది. అవతలి మనిషి కంగారు నటిస్తాడు. "సారీ మేడమ్, సర్వరు తప్పు. మీ 8,000, నా 8,000 కలిపి 16,000 రీఫండ్ పెడుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేయండి" అంటాడు. పోయినది తిరిగివస్తుందన్న ఆశతో ఆమె రెండవసారి పిన్ నొక్కుతుంది. ఇప్పుడు నష్టం 24,000. ఖాతా ఖాళీ అయ్యేవరకు, లేదా ఇంట్లో మరొకరు ఫోను లాక్కొనేవరకు ఇది సాగుతుంది. మొదటి నష్టం అజ్ఞానం వలన జరిగినా, తరువాతివి ఆశ వలన, భయం వలన జరుగుతాయి. చదువుకొన్నవారు, బ్యాంకులలో పనిచేసినవారు కూడా ఇందులో చిక్కుకొనేది అందుకే. ఇందులో చిక్కినవారిని తెలివితక్కువవారని ఎగతాళి చేసే అలవాటు మానుకోవాలి. ఆ సిగ్గు వల్లనే చాలామంది ఫిర్యాదు చేయక మోసగాడికి మేలు చేస్తున్నారు.

అధిక చెల్లింపు పద్ధతి కొంచెం వేరు. అనకాపల్లి జిల్లాలోని (2022కు ముందు విశాఖపట్నం జిల్లా) ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇటువంటి వస్తువులను నేరుగా ఫోను ద్వారా అమ్మే చిన్న విక్రేత ఒకరికి 2,400 రూపాయల ఆర్డరు వచ్చిందనుకొందాం. కాసేపటికి 24,000 రూపాయలు జమ అయినట్లు సందేశం వస్తుంది. వెంటనే ఫోను: "అయ్యో, ఒక సున్నా ఎక్కువ నొక్కాను. అమ్మకు ఆపరేషను, ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలుచున్నాను. మిగతా 21,600 తొందరగా పంపండి." విక్రేత సహృదయుడు; పరుల సొమ్ము తనకెందుకని వెంటనే పంపుతాడు. తరువాత చూస్తే 24,000 రానే లేదు. వచ్చిన సందేశం బ్యాంకుది కాదు, మామూలు ఫోను నంబరు నుండి మోసగాడే టైపు చేసి పంపినది. ఇక్కడ పెట్టుబడి విక్రేత నిజాయితీ.

నకిలీ రుజువులు పలురకాలు. చెల్లింపు యాప్‌ను పోలిన నకిలీ యాప్‌లో పేరు, మొత్తం నింపితే పచ్చరంగు గుర్తుతో చెల్లింపు జరిగినట్లు తెర కనిపిస్తుంది. దుకాణాల వద్ద ఇది ఎక్కువ. సొమ్ము జమ అయినప్పుడు పలికే శబ్దపు పెట్టెలు దుకాణదారులకు మేలు చేశాయి. నెఫ్ట్ ద్వారా పంపానని ఫొటో పంపి, "రేపు పడుతుంది, ఈలోపు సామాను ఇచ్చేయండి" అనేవారూ ఉన్నారు. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుండి రాత్రింబవళ్ళు అరగంటకొక దఫా చొప్పున నడుస్తున్నది. కావున సెలవురోజు అన్న సాకు చెల్లదు. యూపీఐ, ఐఎంపీఎస్ లావాదేవీలకు పన్నెండు అంకెల సూచిక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను చెప్పగలగడం రుజువు కాదు. ఆ సంఖ్యతో జమ మన ఖాతా వివరాలలో కనబడటమే రుజువు.

మూడవ రకంలో మోసగాడు "మీ యాప్‌లో లోపముంది, సరిచేస్తాను" అని ఎనీడెస్క్ వంటి దూరనియంత్రణ యాప్‌ను ఎక్కించమంటాడు. అవి స్వతహాగా చెడ్డవి కావు. కార్యాలయాలలో కంప్యూటర్లు బాగుచేయడానికి వాడతారు. కాని అపరిచితునికి ఆ అనుమతి ఇస్తే తెరమీద మనం చూసేదంతా అతడూ చూస్తాడు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీని గురించి బ్యాంకులను హెచ్చరించింది.

నిజంగానే ఎక్కువ సొమ్ము వస్తే

ఇది అందరికంటే నిజాయితీపరులను ఇబ్బందిపెట్టే సందర్భం. ఖాతాలో 24,000 నిజంగానే జమ అయింది. పాసుపుస్తకంలో కూడా ఉంది. అప్పుడు మిగులు తిరిగి పంపవచ్చునా?

ఆ సొమ్ము ఎవరిదన్నది ప్రశ్న. వేరొక ఊరిలో మోసపోయిన మరొకరి ఖాతా నుండి నేరుగా ఈ విక్రేత ఖాతాకు సొమ్ము పంపించి, మిగులును "మా తమ్ముడి ఖాతా"కు వేయమంటారు. అలా వేస్తే దొంగసొమ్ము చేతులు మారడానికి విక్రేత ఖాతా ఒక మెట్టు అవుతుంది. మొదటి బాధితుడు ఫిర్యాదు చేయగానే పోలీసులు సొమ్ము నడిచిన దారిని పట్టుకొని వస్తారు. ఆ దారిలోని ఖాతాలను నిలుపుదల చేయిస్తారు. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 106వ సెక్షను (పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో 102) ఇందుకు అధికారమిస్తుంది. కేసు వేరే రాష్ట్రంలో ఉంటే, ఆ అధికారికి లేఖలు వ్రాసి, రుజువులు పంపి ఖాతాను విడిపించుకోవడానికి నెలలు పట్టవచ్చు. పిల్లల ఫీజులు, ఇంటి వాయిదాలు ఆ ఖాతాలోనే ఉంటే ఆ కుటుంబం పాట్లు చెప్పనలవి కాదు.

కావున మిగులు సొమ్మును వేరే ఖాతాకు గాని, వేరే యూపీఐ చిరునామాకు గాని ఎంతమాత్రం పంపరాదు. పంపినవారిని తమ బ్యాంకులో ఫిర్యాదు చేయమని చెప్పాలి. విక్రేత తన బ్యాంకు శాఖకు వ్రాతపూర్వకంగా తెలిపి, బ్యాంకు ద్వారానే, వచ్చిన ఖాతాకే, సొమ్ము వెనుకకు పంపే ఏర్పాటు కోరాలి. ఆ సొమ్మును వాడుకోవడం కూడా తప్పే. నిజంగా పొరపాటు చేసిన మనిషి ఒకటి రెండు రోజులు ఆగగలడు. ఆగలేనివాడు పొరపాటు చేసినవాడు కాకపోవచ్చు. సామాను కూడా అంతవరకు ఇవ్వకుండా ఉంచుకోవడం మంచిది.

విదేశీ కొనుగోలుదారు దొంగిలించిన కార్డుతో ఎక్కువ చెల్లించి మిగులును వేరే మార్గంలో అడిగినప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కార్డు యజమాని అభ్యంతరం చెప్పగానే చెల్లింపు మొత్తం రద్దవుతుంది. వచ్చిన దారినే తిరిగి పంపితే ఈ నష్టం ఉండదు.

పెద్ద సంస్థల వేదికలపై అమ్మేవారు

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి వేదికలలో చెల్లింపు వేదిక ద్వారానే జరుగుతుంది గనుక పై మోసాలకు చోటు తక్కువ. అక్కడి బెడద వేరు: కొత్త వస్తువు కొని, పాతదో, పగిలినదో, వేరొకటో పెట్టెలో పెట్టి తిప్పిపంపి వాపసు తీసుకోవడం. సామాను కట్టేటప్పుడూ, తిరిగివచ్చిన పెట్టె విప్పేటప్పుడూ ఎడతెగని వీడియో తీయడం, వస్తువు వరుస సంఖ్యను వ్రాసి ఉంచుకోవడం, వేదిక ఇచ్చిన గడువులోపల అభ్యంతరం నమోదు చేయడం విక్రేతకున్న ఆధారాలు. వేదికకు వెలుపల, వాట్సాప్‌లో బేరం చేసుకొందామని పిలిచే కొనుగోలుదారు వెంట పోరాదు.

జాగ్రత్తలు

అన్నిటికంటే మేలైనది ముఖాముఖి లావాదేవీ. కొనేవాడు వచ్చి, వస్తువు చూసి, విక్రేత క్యూఆర్ కోడ్‌ను తానే స్కాన్ చేసి చెల్లించాలి. విక్రేత సందేశం మీదగాని, ఎదుటివాని ఫోను తెరమీదగాని ఆధారపడక, తన ఫోనులో బ్యాంకు యాప్ తానే తెరిచి నిల్వ చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటు పైన చెప్పిన నకిలీ రుజువులన్నింటికీ మందు. నిల్వ చూసే పిన్‌ను మరెవరో పంపిన లింకులోనో, తెరమీద అప్పుడే వచ్చిన కోరికలోనో నొక్కరాదు.

బ్యాంకు సందేశాలు పదంకెల సొంత నంబరు నుండి రావు. అక్షరాలతో కూడిన శీర్షిక నుండి వస్తాయి. 2025లో ట్రాయ్ చేసిన సవరణ ప్రకారం ఆ శీర్షికల చివర సందేశపు రకాన్ని తెలిపే అక్షరం కూడా ఉంటుంది: ప్రచారానికి పి, సేవలకు ఎస్, లావాదేవీలకు టి, ప్రభుత్వానికి జి. ఇది ఒక గుర్తు మాత్రమే, నిల్వ చూసుకోవడానికి ప్రత్యామ్నాయం కాదు.

పిన్ అడగలేదు గనుక సొమ్ము పోదని కూడా అనుకోరాదు. యూపీఐ లైట్‌లో 1,000 రూపాయల వరకు పిన్ లేకుండానే చెల్లింపు జరుగుతుంది. చెల్లించే ముందు తెరమీద వచ్చే పేరును చదవాలి. 2025 జూన్ చివరి నుండి యాప్‌లు బ్యాంకులో నమోదైన అసలు పేరునే చూపాలని ఎన్‌పీసీఐ నిర్దేశించింది. జవాను పేరు ఒకటి, తెరమీద పేరు మరొకటి అయితే అక్కడే ఆగిపోవాలి.

అమ్మకాల రాకపోకలకు వేరే చిన్న ఖాతా ఒకటి ఉంచుకొని, పింఛను, జీతం, డిపాజిట్లు ఉన్న ఖాతాను యూపీఐకి తగిలించకపోవడం పెద్దవారికి చాలా ఉపయోగం. పోతే ఆ ఖాతాలోని నాలుగు వేలు పోతాయి, జన్మంతా కూడబెట్టినది పోదు. ఇంట్లో పెద్దవారి పేర ప్రకటన పెట్టే పిల్లలు, బేరం ఫోనులను తామే మాట్లాడటం ఉచితం.

మోసపోయిన తరువాత

మొదటి గంట విలువైనది. 1930 నంబరుకు ఫోను చేయాలి. ఈ సేవ 2021 ఏప్రిల్‌లో 155260 నంబరుతో మొదలై తరువాత 1930కి మారింది. ఫిర్యాదు అందగానే సొమ్ము చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్ళి, అక్కడ ఇంకా మిగిలి ఉన్నంత సొమ్మును నిలుపుతారు. మోసగాడు ఏటీఎంలో తీసివేసినది దీనికి అందదు. అందుకే తొందర. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో (సైబర్‌క్రైమ్.గవ్.ఇన్) కూడా ఫిర్యాదు చేయవచ్చు. విశాఖపట్నం నగర పోలీసు కమిషనరేటులో సైబర్ నేరాల పోలీసు స్టేషను ఉన్నది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారమివ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇచ్చిన సమాచారంపై మూడు రోజులలోగా సంతకం చేయాలని 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను చెబుతున్నది. లావాదేవీ సూచిక సంఖ్య, ఎదుటివాని ఫోను నంబరు, యూపీఐ చిరునామా, సంభాషణల తెరఫొటోలు చెరపకుండా ఉంచాలి. కోపంతో నంబరును తొలగించి సంభాషణ చెరిపివేయడం అందరూ చేసే పొరపాటు.

అదే సమయంలో బ్యాంకుకూ తెలియజేయాలి. ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీలలో, తప్పు బ్యాంకుది గాని ఖాతాదారుది గాని కానప్పుడు, మూడు పనిదినాలలోగా తెలిపితే ఖాతాదారుపై నష్టభారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తరువులో ప్రకటించింది. చాలామంది ఈ రక్షణ తమకూ వర్తిస్తుందని అనుకొంటారు. కాని వాపసు మోసంలో పిన్ నొక్కినది ఖాతాదారే గనుక, బ్యాంకులు దానిని అనుమతి ఉన్న లావాదేవీగానో, ఖాతాదారు అజాగ్రత్తగానో పరిగణిస్తాయి. అప్పుడు బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలిపిన తరువాత జరిగినది మాత్రం బ్యాంకు భరించాలి. బ్యాంకు 30 రోజులలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

శిక్షల విషయానికి వస్తే, కంప్యూటరు సాధనంతో వేరొకరిగా నటించి మోసగించినందుకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలో వంచనకు 318వ సెక్షను, వేరొకరిగా నటించి వంచించడానికి 319వ సెక్షను వర్తిస్తాయి. 2024 జులైకి ముందరి నేరాలకు పాత శిక్షాస్మృతిలోని 420, 419 సెక్షన్లు.

పోయిన సొమ్మును రప్పిస్తామని తరువాత వచ్చే ఫోనులు మరొక మోసం. సైబర్ పోలీసులమనో, న్యాయవాదులమనో చెప్పి రుసుము అడుగుతారు. మోసపోయినవారి నంబర్లు ఈ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. 1930కి చేసే ఫిర్యాదుకు ఎటువంటి రుసుమూ లేదు.

ప్రవాసాంధ్రులు

అమెరికాలో చదువు ముగించి ఉద్యోగానికి వేరొక ఊరు వెళ్ళే తెలుగు విద్యార్థులు పరుపులు, బల్లలు, పాత కార్లు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, క్రెయిగ్స్‌లిస్ట్‌లో అమ్ముతుంటారు. మిగిలిన నెలలకు గదిని ఉప అద్దెకు ఇస్తారు. అక్కడ నకిలీ క్యాషియర్ చెక్కుతో పాటు, 2017లో మొదలైన జెల్ చెల్లింపుల పేరిట మరొక పద్ధతి ఉన్నది. "మీది వ్యాపార ఖాతా కాదు గనుక సొమ్ము ఆగింది; ఖాతా స్థాయి పెంచడానికి కొనుగోలుదారు మరో 300 డాలర్లు చెల్లించారు; అది వారికి తిరిగి పంపితే మొత్తం విడుదలవుతుంది" అని జెల్ పేరుతో ఈమెయిలు వస్తుంది. అది మోసగాడు వ్రాసినది. జెల్‌లో పంపిన సొమ్ము నిమిషాలలో చేరుతుంది, తిరిగి రప్పించడం బహుకష్టం. అక్కడి విక్రేత చేయవలసినదీ ఒక్కటే: ఈమెయిలును పక్కనపెట్టి తన బ్యాంకు యాప్ తెరిచి సొమ్ము వచ్చిందేమో చూసుకోవడం, చెక్కయితే జారీచేసిన బ్యాంకు నంబరును చెక్కు మీద నుండి కాక స్వయంగా వెదికి ఫోను చేసి విచారించడం. అమెరికాలో ఇటువంటి ఫిర్యాదులను ఫెడరల్ ట్రేడ్ కమిషను, ఎఫ్‌బీఐకి చెందిన ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం స్వీకరిస్తాయి.